పొత్తికడుపు నొప్పి నెలల తరబడి తగ్గకపోతే: అది ఇన్ఫెక్షనేనా, ఇంకేమైనానా ఎలా తేల్చుకోవాలి

పొత్తికడుపులో నొప్పి అని వెళ్తే మన ఆడవాళ్లకు ఎక్కువగా వినిపించే మాట ఒకటే. "ఇన్ఫెక్షన్ ఉందమ్మా, ఈ కోర్సు వాడు." వాడినన్ని రోజులు కాస్త నయంగా ఉంటుంది. పది రోజులకో నెలకో మళ్లీ మొదలు. నాకు ఇలా ఏడాది పైన గడిచింది. ఆ ఏడాదిలో ఐదు కోర్సుల యాంటీబయాటిక్స్ మింగాను. ఒక్కసారి కూడా యూరిన్ కల్చర్‌కు (మూత్రంలో ఏ పురుగు ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పంపలేదు, ఒక్కరూ లోపల పరీక్ష చేసి చూడలేదు. చివరికి ఎండోమెట్రియోసిస్ అని తేలింది, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట పెరిగే జబ్బు. ఇన్ఫెక్షన్ అసలు లేనే లేదు.

మా అక్కకూ అదే చోట నొప్పి వచ్చింది. ఆమెకు మాత్రం నిజంగా ఇన్ఫెక్షనే, అదీ ఆలస్యం చేస్తే ట్యూబులు పాడైపోయే రకం. మా పిన్నికి 34 ఏళ్లకే "పుండు పడింది" అని గర్భసంచి తీసేశారు. ఇరవై ఏళ్లు దాటినా ఆమె ఇప్పటికీ నడుము పట్టుకునే లేస్తుంది.

నేను డాక్టర్‌ని కాదు. ఏ మందు వాడాలో చెప్పను. మీ నొప్పికి ఒక పేరు తేలేదాకా ఏ వరసలో ఏం చేయాలో, ఎక్కడ ఏం అడగాలో చెబుతాను. కారణం ఏమిటో ఎవరూ చూడకుండానే కోర్సు మీద కోర్సు వాడుతూ పోవద్దు, ఆపరేషన్‌కు తలూపొద్దు. నా ఆరాటమంతా దీని గురించే.

ఇవి ఉంటే ముందు ఆసుపత్రికి వెళ్లండి

నెల తప్పి, ఒక పక్కన నొప్పి, చుక్కలు చుక్కలుగా రక్తం, కళ్లు తిరగడం ఉంటే అది ట్యూబులో నిలిచిన గర్భం కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవాళ్లకూ అరుదుగా ఇలా జరుగుతుంది, కాబట్టి "నాకు ఆపరేషన్ అయిపోయిందిగా" అనుకోవద్దు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దాంతో పాటు వాంతులు వస్తే అండాశయం మెలి తిరిగి ఉండవచ్చు. కుడి పక్కన మొదలై గంటగంటకూ పెరుగుతుంటే అపెండిక్స్ కావచ్చు. 101 డిగ్రీల జ్వరం, చలి, చీములాంటి స్రావం ఉన్నా, గర్భంతో ఉండి నొప్పి వస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనబడితే అంత పరుగు అక్కర్లేదు కానీ ఆ వారంలోనే చూపించుకోవాలి. అది ఒక్క చుక్కే అయినా సరే.

మొదటి పని: నోట్‌బుక్ పెట్టండి

నాకు దారి చూపింది స్కానింగ్ కాదు, మా అబ్బాయి పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు. ఒక ప్రభుత్వాసుపత్రిలో పెద్దావిడ, గైనకాలజిస్ట్, నా మందుల చీటీలన్నీ చూసి పక్కన పెట్టి "ఇవన్నీ వాళ్లు రాసినవి. నువ్వు రాసుకున్నది ఏదమ్మా?" అని అడిగారు. నా దగ్గర ఏమీ లేదు. రెండు నెలలు రాసి తెమ్మన్నారు. ఇలా రాశాను:

12వ తేదీ. డేట్‌కు మూడు రోజుల ముందు. ఎడమ పక్క. పదికి 6. తొడలోకి లాగుతోంది. మూత్రం మామూలే.
15. మొదటి రోజు. 8. మోషన్‌కు వెళ్తే లోపల కోసినట్టు ఉంది. నొప్పి మాత్రలు రెండు వేసుకున్నా. వంట అత్తయ్యే చేశారు.
22. నొప్పి 2. తెల్లబట్ట కొంచెం, వాసన లేదు, దురద లేదు.

రెండు నెలల తర్వాత ఆవిడ ఈ పేజీలు వేలితో వెంట వెంట చదివి, "మోషన్‌కు వెళ్తే నొప్పి" అన్న చోట ఆగారు. వెనక్కి తిప్పి అంతకు ముందు నెల డేట్ రోజుల్లో చూశారు. అక్కడా అదే ఉంది. "ఇది ఇన్ఫెక్షన్ నడక కాదు" అన్నారు. ఏడాదిగా నా కళ్ల ముందే ఉన్నది నాకు కనబడలేదు.

మీరూ ఇంతే రాయండి. తేదీ, డేట్ మొదలై ఎన్నో రోజు, నొప్పి ఎక్కడ, పదికి ఎంత, మూత్రం ఎలా ఉంది, మోషన్ ఎలా ఉంది, తెల్లబట్ట రంగు, వాసన, భర్తతో కలిసిన రోజైతే అప్పుడూ మర్నాడూ ఎలా ఉంది, ఏ మాత్ర వేసుకున్నారు, దాంతో తగ్గిందా. రోజుకు రెండు లైన్లు చాలు. నొప్పి లేని రోజు కూడా రాయాలి, ఆ రోజులు కూడా ఒక గుర్తే.

నొప్పి డేట్‌తో పాటు పెరిగి తగ్గుతుంటే ఎండోమెట్రియోసిస్, అడినోమయోసిస్ (అలాంటి పొరే గర్భసంచి గోడలో పెరగడం) వైపు చూస్తారు. మూత్రం నిండే కొద్దీ పెరిగి, పోసుకున్నాక తగ్గితే మూత్రాశయం వైపు. మోషన్ అయ్యాక తేలికపడితే పేగుల వైపు. గంటలకొద్దీ కూర్చున్నాక, బరువులెత్తాక వస్తే కండరాల వైపు. జ్వరం, వాసన ఉన్న స్రావం, కలిసినప్పుడు లోతుగా నొప్పి కొత్తగా మొదలైతే ఇన్ఫెక్షన్ వైపు. ఇవి ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తులు మాత్రమే. ఒకరికే రెండు మూడు కారణాలు కలిసి ఉండటం కూడా మామూలే.

అదే నోట్‌బుక్ చివరి పేజీలో మీ పాత సంగతులు రాయండి: కాన్పులు, సిజేరియన్లు, అబార్షన్లు (మందుల షాపులో మాత్రలు కొని వేసుకున్నవి కూడా), కాపర్ టీ వేయించిన తేదీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, ఇప్పటిదాకా వాడిన మందులు. పేర్లు గుర్తుండవు కాబట్టి ఖాళీ అయిన మాత్రల షీట్లు పారేయకండి. ఒక కవర్‌లో వేసి ఉంచండి. నేను అన్నీ పారేశాను. ఐదు కోర్సుల్లో మూడుసార్లు ఒకే మందు వాడానని ఎంతో తర్వాత, షాపు బిల్లుల్లో వెతికితే తెలిసింది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి, గదిలో ఎవరుండాలి

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజెక్షన్ తోనో, షాపతను ఇచ్చే మాత్రలతోనో రెండోసారి కూడా తగ్గలేదంటే ఇక గైనకాలజిస్ట్ దగ్గరికే వెళ్లాలి. డబ్బు ఇబ్బంది ఉంటే ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రుల్లో గైనిక్ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో కోఠి, పేట్లబుర్జు ఆసుపత్రులు, విశాఖలో ఘోషాసుపత్రి అనగానే మనకు కాన్పులే గుర్తొస్తాయి. అక్కడ ఇలాంటి నొప్పులకూ చూస్తారు. తెలంగాణలో 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' పేరుతో మంగళవారాల్లో ఆడవాళ్ల కోసం ప్రత్యేక క్లినిక్‌లు మొదలయ్యాయి. మీకు దగ్గర్లో ఏ కేంద్రంలో చూస్తున్నారో ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడిగి వెళ్లండి. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకుంటే, రాసిన పరీక్షల్లో కొన్నయినా ఆ రోజే అయిపోతాయి.

తోడు ఎవరినైనా తీసుకెళ్లండి. కానీ డాక్టర్ గదిలో ఎవరుండాలో మాత్రం మీరే నిర్ణయించుకోండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మొదట చూపించుకున్నప్పుడు మా అత్తయ్య నా పక్కనే కూర్చున్నారు. డాక్టర్ తల ఎత్తకుండానే "భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి ఉంటుందా?" అని అడిగారు. అత్తయ్య గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తున్నారు. నేను "లేదు మేడమ్" అన్నాను. ఉంది, ఏడాదిగా ఉంది. ఆవిడ చీటీ మీద ఒక గీత గీసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అత్తయ్య తప్పేమీ లేదు, ఆమె నా కోసమే రెండు బస్సులు మారి వచ్చారు. నా నోరే రాలేదు.

మీకు ఆ ఇబ్బంది రాకూడదంటే గదిలోకి వెళ్లగానే "మేడమ్, ఒక్క నిమిషం మీతో విడిగా మాట్లాడాలి" అనండి. ఈ మాటకు ఏ డాక్టరూ ఏమీ అనుకోరు. అదీ కష్టమైతే చీటీ మీద రాసి నోట్‌బుక్ మొదటి పేజీలో పెట్టి చేతికివ్వండి. మాటలు వెతుక్కోనక్కర్లేదు. "కలిసినప్పుడు లోపల లోతుగా నొప్పి", "మొదట్లోనే మంట", "కలిసిన మర్నాడు రక్తం కనబడింది", "తెల్లబట్టకు చేపల వాసన" అని రాస్తే చాలు. మా ఆయనకూ మూత్రంలో మంట ఉంది అన్నది కూడా చెప్పాల్సిన సంగతే.

పెళ్లికాని అమ్మాయిలకు ఇంకో చిక్కు ఉంది. అమ్మ పక్కన ఉంటే నిజం చెప్పలేరు, కొందరు డాక్టర్లు "పెళ్లి కాలేదుగా" అని అసలు అడగరు. ఎవరితోనైనా సంబంధం ఉండి ఉంటే అది డాక్టర్‌కు తెలియాలి, పరీక్షలు దాన్నిబట్టే మారతాయి. మీరు చెప్పింది బయటపెట్టకుండా ఉంచడం డాక్టర్ బాధ్యత. ఎప్పుడూ కలవలేదంటే లోపల పరీక్ష అక్కర్లేకుండా, మూత్రం నిండా ఉంచుకుని కడుపు మీద నుంచే స్కానింగ్ చేస్తారు.

లోపల పరీక్ష అంటే భయపడొద్దు

చాలామంది ఈ పరీక్ష దగ్గరే ఆగిపోతారు. ఏం చేస్తారో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. మూత్రం పోసుకుని రమ్మంటారు. పడుకోబెట్టి మోకాళ్లు మడవమంటారు. ముందు కడుపు మీద నొక్కి చూస్తారు. తర్వాత స్పెక్యులమ్ అనే పరికరం మెల్లగా పెట్టి గర్భసంచి ముఖం చూస్తారు, అవసరమైతే దూదిపుల్లతో స్రావం తీస్తారు. ఆ తర్వాత గ్లౌజ్ వేసుకున్న రెండు వేళ్లతో లోపల, ఇంకో చేత్తో కడుపు మీద నుంచి నొక్కి చూస్తారు. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది.

గర్భసంచి ముఖాన్ని అటూ ఇటూ కదిపినప్పుడు ప్రాణం పోయేంత నొప్పి వస్తే అది లోపలి ఇన్ఫెక్షన్‌కు పెద్ద గుర్తు. పళ్ల బిగువున ఓర్చుకోకండి. ఎక్కడ నొప్పో అక్కడ "ఇక్కడే" అని చెప్పండి, ఆ పరీక్ష చేసేదే అందుకు. నొప్పి ఎక్కువైతే ఆపమనవచ్చు. మగ డాక్టర్ అయితే గదిలో నర్సు ఉండాలని అడగండి.

ఇంకో చిన్న సంగతి. పడుకుని, నొప్పి ఉన్న చోట వేలు పెట్టి నొక్కుతూ తల పైకెత్తమంటారు. అప్పుడు నొప్పి పెరిగితే అది లోపలి అవయవాలది కాకుండా కడుపు పైకండరాలదీ, సిజేరియన్ కుట్టు దగ్గర నరానిదీ కావచ్చు. ఎన్ని స్కానింగులు తీసినా ఇది కనబడదు.

నిజంగా ఇన్ఫెక్షనేనా?

మన దగ్గర మూత్రంలో మంట వచ్చినా, తెల్లబట్ట అయినా, గర్భసంచి ట్యూబుల దాకా చీము చేరినా అన్నింటికీ "ఇన్ఫెక్షన్" అనే ఒక్క మాటే వాడతారు. మూడూ వేర్వేరు. డాక్టర్ ఆ మాట అనగానే "ఎక్కడి ఇన్ఫెక్షన్ మేడమ్, మూత్రానిదా, యోనిదా, గర్భసంచిదా?" అని అడగండి. మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

మూత్రానిదైతే యూరిన్ కల్చర్ కావాలి. యాంటీబయాటిక్ ఒక్క మాత్ర కూడా వేసుకోక ముందే ఇవ్వాలి. వేసుకున్నాక ఇస్తే పురుగు ఉన్నా పెరగకపోవచ్చు. మంచినీళ్లతో కడుక్కుని, మొదట కొంచెం మూత్రం వదిలేసి, మధ్యలోది ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. మూతకు లోపలివైపు వేలు తగలనివ్వకూడదు. ఇంటి దగ్గర పట్టారంటే రెండు గంటల్లోపు చేర్చాలి. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందులో ఏ పురుగు, దానికి ఏ మందు పనిచేస్తుంది అని ఉంటుంది. మామూలు యూరిన్ పరీక్షలో "పస్ సెల్స్" (చీము కణాలు) ఉన్నాయన్నంత మాత్రాన తేల్చేయకూడదు. తెల్లబట్ట కలిసినా అవి కనబడతాయి. పస్ సెల్స్ పదేపదే ఉండి, కల్చర్‌లో ప్రతిసారీ ఏమీ పెరగకపోతే క్లామిడియా (కలయిక ద్వారా సోకే ఒక ఇన్ఫెక్షన్) గురించీ టీబీ గురించీ ఆలోచించాలని డాక్టర్‌కు గుర్తు చేయండి. వేడి చేసిందని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగితే తప్పేం లేదు. అవి తాగుతూ నెలలు గడపడమే ప్రమాదం.

ఇక తెల్లబట్ట. వాసన, దురద లేకుండా, డేట్‌కూ డేట్‌కూ మధ్య జిగురుగానో తెల్లగానో అయ్యేది జబ్బు కాదు. దానికి "బలం పోతోంది" అని భయపెట్టేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడితే ఫంగస్ కావచ్చు. బూడిద రంగులో పల్చగా, చేపల వాసనతో ఉంటే లోపలి మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి వచ్చే సమస్య. పచ్చగా నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి. మూడింటికీ మందులు వేరు. స్రావం చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, ఖర్చు కూడా తక్కువే. ఒక మాట గట్టిగా చెప్పాలి. డెట్టాల్ వేసిన నీళ్లతో లోపల కడగొద్దు. శుభ్రం అనుకుని చేసే ఈ పనే ఉన్న మంచి బ్యాక్టీరియాను చంపి సమస్య పెంచుతుంది. బయట మామూలు నీళ్లు చాలు.

మూడోది గర్భసంచికీ ట్యూబులకూ పాకిన ఇన్ఫెక్షన్. డాక్టర్లు పీఐడీ అంటారు. మా అక్కకు వచ్చింది ఇదే. దీన్ని తేల్చే ఒక్క పరీక్ష అంటూ లేదు, స్కానింగ్ మామూలుగా ఉన్నా లోపల ఉండవచ్చు. అందుకే లోపల పరీక్షలో గర్భసంచి, ట్యూబుల దగ్గర నొప్పి ఉండి, వేరే కారణం కనబడకపోతే రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే మందులు మొదలుపెడతారు. అలా పెట్టడమే సరైనది. ఆలస్యం చేస్తే ట్యూబులు అతుక్కుని పిల్లలు పుట్టకపోవడం, ట్యూబులో గర్భం నిలవడం జరగవచ్చు. ముట్టుకుని చూడకుండా రాసే ఐదు రోజుల కోర్సు వేరు, పరీక్ష చేసి అనుమానంతో మొదలుపెట్టే పద్నాలుగు రోజుల చికిత్స వేరు. నేను వద్దంటున్నది మొదటిదాన్నే. రెండోదాన్ని మాత్రం మధ్యలో ఆపకండి. వికారంగా ఉందనో, నొప్పి తగ్గిందనో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మూడు రోజులకు కొంచెం కూడా తేడా కనబడకపోతే తిరిగి వెళ్లి చూపించుకోవాలి. చీముగడ్డ ఉందేమో, జబ్బే వేరేమో చూస్తారు.

మందులు మొదలుపెట్టే రోజే క్లామిడియా, గనేరియాలకు స్వాబ్ (దూదిపుల్లతో స్రావం) తీయించుకోవడం వీలైతే తీయించుకోండి. గర్భ పరీక్ష, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేస్తారు. ఇవి చేస్తున్నారంటే మిమ్మల్ని అనుమానిస్తున్నారని కాదు, అందరికీ చేసేవే. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, 1097కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. జిల్లా ఆసుపత్రుల్లో 'సురక్ష క్లినిక్' అనే బోర్డు ఉన్న గది ఉంటుంది. అక్కడ ఇలాంటి ఇన్ఫెక్షన్లకు రంగు పెట్టెల్లో మందులు ఉచితంగా ఇస్తారు. పొత్తికడుపు నొప్పికి ఇచ్చేది పసుపు రంగు పెట్టె, తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చది. అక్కకు ఇచ్చింది పసుపు పెట్టే.

ఆ పెట్టెతో ఆమెకు తగ్గింది. నెలన్నర తర్వాత మళ్లీ వచ్చింది. ఎందుకంటే బావ మందు వేసుకోలేదు. "నాకేం లేదు, నేనెందుకు వేసుకోవాలి" అన్నాడు. క్లామిడియా మగవాళ్లలో ఏ గుర్తూ లేకుండా ఉండగలదు. భర్తకు కూడా మందు ఇవ్వాలని డాక్టర్ చెబితే ఇద్దరూ వాడాలి, ఇద్దరి కోర్సూ అయ్యేదాకా కలవకూడదు. ఆయన వినకపోతే ఓపీకి తీసుకెళ్లి డాక్టర్ నోటితోనే చెప్పించండి. రెండోసారి అక్క అదే చేసింది.

ఈ మాట వినగానే ఇంట్లో గొడవ మొదలవుతుందని నాకు తెలుసు. కాస్త ఆగండి. ఈ పురుగులు ఏ బాధా లేకుండా నెలలకొద్దీ ఒంట్లో ఉండగలవు, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పైగా పీఐడీ అంతా సుఖవ్యాధి వల్లే రాదు. కాన్పు, అబార్షన్ తర్వాత కూడా వస్తుంది, కాపర్ టీ వేసిన మొదటి మూడు వారాల్లో కూడా రావచ్చు. ముందు ఇద్దరూ మందు పూర్తి చేయండి.

టీబీ సంగతి అడగడం మర్చిపోవద్దు

మన దేశంలో ఈ నొప్పి గురించి మాట్లాడుతూ టీబీని వదిలేయలేం. ఊపిరితిత్తుల్లోంచి రక్తం ద్వారా ట్యూబులకూ గర్భసంచికీ చేరి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉంటుంది. దగ్గు ఉండకపోవచ్చు. పిల్లలు కలగకపోవడం, ముట్టు రక్తం బాగా తగ్గిపోవడం, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని నొప్పి ఉంటే దీన్ని చూడమని అడగండి. గర్భసంచి లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి, మైక్రోస్కోప్ పరీక్షకూ సీబీనాట్‌కూ (టీబీ పురుగు జన్యువులను వెతికే ఒక రకం పీసీఆర్ పరీక్ష) కల్చర్‌కూ పంపుతారు. ఆ ముక్క డేట్‌కు కొద్ది రోజుల ముందు తీస్తే మేలు.

రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసే పరీక్షలను ప్రభుత్వం 2012లోనే నిషేధించింది, ఎవరైనా రాస్తే చేయించుకోకండి. చేతి మీద వేసే మాంటూ పరీక్ష కూడా గర్భసంచిలో జబ్బు ఉందని చెప్పలేదు. ఒక్క పీసీఆర్ పాజిటివ్ కాగితం చూసి ఆరు నెలల మందులు మొదలుపెడదామంటే "ఇంకో ఆధారం ఏమైనా ఉందా మేడమ్" అని అడగండి. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వంలో పూర్తిగా ఉచితం, పోషణకు నెలకు 1,000 రూపాయలు మీ ఖాతాలో వేస్తారు. టోల్ ఫ్రీ నంబర్ 1800-11-6666.

పరీక్షల్లో ఇన్ఫెక్షన్ లేదని వస్తే

"రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు, టెన్షన్ తగ్గించుకో" అంటారు. నాకూ అన్నారు. రిపోర్టులు నార్మల్ అంటే ఆ పరీక్షలో కనబడేవి లేవని మాత్రమే. ప్రపంచంలో పిల్లలు కనే వయసున్న ఆడవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఎండోమెట్రియోసిస్ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మామూలు స్కానింగ్‌లో అది తరచూ కనబడదు. ఈ జబ్బు మీద అనుభవం ఉన్నవాళ్లు చేసే టీవీఎస్ (యోనిలోంచి చేసే) స్కానింగ్‌లోనో ఎమ్మారైలోనో కొంత తెలుస్తుంది. కొన్నిసార్లు ల్యాప్రోస్కోపీ చేసి, అంటే కడుపు మీద చిన్న కోత పెట్టి కెమెరాతో, లోపల చూస్తారు. ఇప్పుడు చాలాచోట్ల లక్షణాలను బట్టి ముందే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టి చూస్తున్నారు.

ఇది కాక అడినోమయోసిస్, అండాశయంలో గడ్డలు, పాత ఆపరేషన్ల తర్వాత పేగులు అతుక్కోవడం, మూత్రాశయం నొప్పి, మలబద్ధకం, కటి కండరాలు బిగుసుకుపోవడం ఉన్నాయి. ఆ చివరిదాన్ని మన దగ్గర పట్టించుకునేవాళ్లు తక్కువ. నెలల తరబడి నొప్పికి ఒళ్లు బిగబట్టుకుని ఉండటం వల్ల అడుగు కండరాలు వదులు కావడమే మర్చిపోతాయి. అసలు జబ్బు తగ్గినా నొప్పి మిగులుతుంది. నాకు మాత్రలతో సగం తగ్గితే, మిగతా సగం ఫిజియోథెరపీతో తగ్గింది. "ఆడవాళ్ల కటి కండరాలకు ఫిజియోథెరపీ చేసేవాళ్లు ఎవరున్నారు" అని మీ డాక్టర్‌నే అడగండి. ఆరు నెలలు దాటిన నొప్పికి నరాలు కూడా ఎక్కువగా స్పందించడం మొదలుపెడతాయి. అందుకే కొన్నిసార్లు డిప్రెషన్‌కు వాడే మందులనే తక్కువ మోతాదులో నొప్పికి రాస్తారు. అవి రాశారని మీకు పిచ్చి అనుకున్నట్టు కాదు.

గర్భసంచి తీసేద్దాం అంటే

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. మన ఆడవాళ్లకు మాత్రమే ఇన్ని జబ్బులు రావు కదా. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ అనవసరమైన ఆపరేషన్లు ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలన్నింటికీ చెప్పింది.

"గర్భసంచి ముఖానికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని చెబితే ఆ రోజే సంతకం పెట్టకండి. ఆ ఎర్రటి మచ్చ చాలామందికి, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లకు, మామూలుగానే ఉంటుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే తేల్చడానికి పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష, బయాప్సీ ఉన్నాయి. "ఏ పరీక్షలో ఏం వచ్చింది మేడమ్? మందులతో ప్రయత్నించామా? తీసేస్తే ఈ నొప్పి పోతుందని ఎంతవరకు చెప్పగలరు? అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. రెండు అండాశయాలూ తీసేస్తే ముట్లు ఆగే వయసు ఆ రోజే వచ్చేస్తుంది, ఎముకలు త్వరగా అరుగుతాయి. ఆ కాగితాలన్నీ తీసుకుని ఇంకో ఆసుపత్రిలో, ఆ ఆపరేషన్‌తో ఏ లాభమూ లేని డాక్టర్‌కు చూపించండి.

గర్భసంచి తీయక తప్పని సందర్భాలు ఉన్నాయి. క్యాన్సర్, మందులకు ఆగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, పిల్లలు చాలనుకున్నాక భరించలేని అడినోమయోసిస్. అప్పుడు ధైర్యంగా చేయించుకోండి. ఎండోమెట్రియోసిస్ మాత్రం గర్భసంచి బయట ఉండేది కాబట్టి, సంచి తీసేసినా ఆ నొప్పి ఉండిపోవచ్చు.

మా పిన్నికి అదే జరిగిందా అని ఈ మధ్య నన్ను చూసిన డాక్టర్‌నే అడిగాను. "ఆపరేషన్ కాగితాలు ఏమైనా ఉన్నాయా?" అన్నారు. పిన్ని ట్రంకుపెట్టె అంతా తీసి చూశాం. ఆపరేషన్‌కు కట్టిన డబ్బు రసీదు ఒక్కటే దొరికింది. తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపారో లేదో కూడా ఎవరికీ తెలియదు. కాబట్టి మీకు ఏ ఆపరేషన్ జరిగినా, చిన్న ముక్క తీసినా, డిశ్చార్జ్ రోజు మూడు కాగితాలు అడిగి తీసుకోండి: లోపల ఏం చూశారో రాసిన ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు. బయాప్సీ రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుంది, ఫోన్ చేసి చెప్పరు. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజే అడిగి తెచ్చుకుని ఆ నోట్‌బుక్‌లో పెట్టండి.